కీబోర్డ్ మాస్టారి మాట ఎంతవరకు నమ్మాలి?

గత నెల వెలిమెలలో ఒక గృహకూడిక ముగిసి అందరూ టీ తాగుతుండగా ఆ ఇంటి సోదరుడు నన్ను వరండాలోకి పిలిచాడు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టుల మీద పనిచేసే మనిషి. కూతురికి తొమ్మిదేళ్లు. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలంతా ఆటకు పరిగెడితే ఈ పాప మాత్రం కీబోర్డ్ పక్కన నిలబడి చూస్తుంటుంది. ఇంటికి వచ్చాక బల్ల మీద వేళ్లు ఆడిస్తుంది. నేర్పిద్దామని తండ్రి ఇద్దరు టీచర్లను కలిశాడు.

మొదటావిడ కొల్లూరు వైపు కొత్త అపార్టుమెంట్లలో పియానో నేర్పుతారు. గోడ మీద సర్టిఫికెట్లు ఉన్నాయట. "చిన్న కీబోర్డ్ మీద మొదలుపెడితే చెయ్యి పాడైపోతుంది, 88 మెట్లున్న డిజిటల్ పియానో కొనండి. పాప వేళ్లు పొట్టివి, ఐదేళ్లప్పుడే మొదలుపెట్టాల్సింది" అన్నారు. రెండో ఆయన రామచంద్రాపురం పరిసరాల్లో సంఘాలకూ పెళ్లిళ్లకూ కీబోర్డ్ వాయించే మాస్టారు. "61 మెట్లది చాలు, గ్రేడ్లు గీడ్లు ఎందుకు, మూడు నెలల్లో పాప ఆరాధనలో వాయిస్తది" అన్నాడు. మొదటి సలహా పాటిస్తే ఈ సోదరుడికి రెండు నెలల జీతం పైనే ఖర్చు. రెండో సలహా పాటిస్తే పాప చెయ్యి నిజంగానే చెడిపోతుందేమోనని భయం.

"ఇద్దరూ పెద్దోళ్లే. ఎవరి మాట నమ్మాలె అయ్యగారూ?" అని అడిగాడు.

నేను ఆ రోజు పేరు చెప్పలేదు. దానికి కారణం ఉంది.

చాలా ఏళ్ల క్రితం నేను సేవ చేస్తున్న ఒక సంఘంలో ఇలాగే ఒక తల్లి అడిగితే, ఆలోచించకుండా మన కీబోర్డ్ తమ్ముడి దగ్గరికి పంపండి అన్నాను. అతను వాయిస్తుంటే సంఘమంతా కళ్లు మూసుకుని పాడేది. అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఆమె కొడుకు వెళ్లాడు. కొన్ని వారాలకు మణికట్టు నొప్పి అన్నాడు. "నొప్పి వస్తేనే వేళ్లు తయారవుతున్నట్టు, ఆపొద్దు" అని ఆ తమ్ముడు చెప్పాడట. తల్లికి అనుమానం వచ్చింది కానీ, పాస్టరుగారు పంపిన మనిషి కదా అని ఊరుకుంది. ఏడాది తిరక్కముందే పిల్లవాడు మానేశాడు. పెన్ను పట్టుకుంటే కూడా చెయ్యి లాగుతుందని ఆమె నాతో చెప్పినప్పుడు నాకు అర్థమైంది. ఆ తల్లి నమ్మింది అతని సలహాను కాదు, నన్ను. నాకేమో పియానో గురించి ఏమీ తెలియదు. తెలియని వాడి మాట మీద, వేరే పనిలో ప్రతిభ ఉన్నవాడికి, నేర్పే పనిలో పరపతి దొరికింది. నష్టం పిల్లవాడికి జరిగింది.

ఆ తర్వాత ఈ విషయం గురించి కొంత చదివాను, వాయించేవాళ్లను అడిగి తెలుసుకున్నాను. పియానో టీచర్ సలహాకు బరువు ఎక్కడినుంచి వస్తుంది? గోడ మీది కాగితం నుంచా, స్టేజీ మీది పేరు నుంచా, ఎవరో పెద్దమనిషి సిఫారసు నుంచా? ఈ మూడూ అరువు తెచ్చుకున్న నమ్మకమే. సలహాకు సొంత బలం వేరే చోట ఉంటుంది. అదేమిటో ఒక చిన్న విషయంతో మొదలుపెట్టి చెబుతాను.

కుడి చేత్తో స, రి, గ, మ, ప వాయించడానికి ఐదు వేళ్లు సరిపోతాయి. తర్వాత ధ, ని, పై స ఉన్నాయి. వేళ్లు అయిపోయాయి. ఏం చేయాలి? సి నుంచి మొదలయ్యే స్కేలులో టీచర్లు చెప్పేది ఇది: స, రి, గ లను బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో వాయించి, మ దగ్గర బొటనవేలును అరచేతి కిందుగా దూర్చి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు మిగిలిన ఐదు స్వరాలకు ఐదు వేళ్లు దొరుకుతాయి. ఇది ఈనాడు ప్రతి పుస్తకంలోనూ ఉంది. కానీ ఒకప్పుడు లేదు. సంగీతకారుడు బాఖ్ కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్ 1753లో వేసిన తన పాఠ్యగ్రంథంలో ఈ సంగతి రాశాడు. తండ్రి చిన్నతనంలో విన్న గొప్ప వాద్యకారులు వేళ్లు బాగా చాచాల్సి వస్తే తప్ప బొటనవేలు వాడేవారు కాదని తండ్రే తనకు చెప్పాడట. కొత్త సంగీతానికి ఆ పద్ధతి చాలదని, బొటనవేలే ముఖ్యమని, ఎందుకో వివరించి రాశాడు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత వియన్నాలో పదేళ్ల కార్ల్ చెర్నీ పాఠానికి వస్తే, బీథోవెన్ ఆ పుస్తకమే తెమ్మన్నాడు. మొదటి పాఠాల్లో స్కేళ్లూ బొటనవేలి వాడకమూ నేర్పాడు.

ఇన్నేళ్లు నిలిచిన సలహాకు ఉన్న బలం ఏమిటి? రాసినవాడు పెద్ద బాఖ్ కొడుకు కావడమా? బీథోవెన్ వాడడమా? రెండూ కాదు. పిల్లవాడు కూర్చుని రెండు రకాలుగా వాయించి చూస్తే ఏది సాఫీగా సాగుతుందో అర నిమిషంలో తెలిసిపోతుంది. అంటే తప్పయితే తప్పని అక్కడికక్కడే బయటపడే సలహా అది. పైగా దానికి కారణం ఉంది. కారణం తెలిసిన టీచరుకు మినహాయింపు కూడా తెలుస్తుంది. ఎఫ్ మేజర్ స్కేలులో నాలుగో స్వరం నల్ల మెట్టు. పొట్టి బొటనవేలును నల్ల మెట్టు మీదికి ఎక్కిస్తే చెయ్యి వంకరపోతుంది. అందుకని అక్కడ మూడు వేళ్ల తర్వాత కాక, నాలుగు వేళ్ల తర్వాత బొటనవేలు దూరుస్తారు. మూడు వేళ్ల తర్వాత బొటనవేలు అని బట్టీ పట్టిన టీచరు ఇక్కడ ఆగిపోతాడు. "సార్, సి లో మూడు వేళ్లు కదా, ఎఫ్ లో నాలుగెందుకు?" అని పిల్ల అడిగినప్పుడు వచ్చే జవాబు ఆయన గురించి సర్టిఫికెట్ కంటే ఎక్కువ చెబుతుంది.

అలాగని సర్టిఫికెట్లు వట్టి కాగితాలనడం లేదు. లండన్ ట్రినిటీ కాలేజీ 1877 నుంచి సంగీత పరీక్షలు జరుపుతోంది. రాయల్ స్కూళ్ల ఉమ్మడి బోర్డు 1889లో ఏర్పడింది. రెండింటి గ్రేడ్ పరీక్షలూ మన నగరంలో ఎందరో పిల్లలు రాస్తున్నారు. ఎనిమిదో గ్రేడ్ పాసైన మనిషికి నొటేషన్ చదవడం, స్కేళ్లు, వినికిడి ఏదో ఒక మేరకు వచ్చినట్టే. అయితే ఆ కాగితం చెప్పేది ఆయన వాయించడం గురించి. నేర్పడం గురించి కాదు. ఆ సంస్థల డిప్లొమాల్లో కచేరీకి ఒక రకం, బోధనకు మరో రకం వేరువేరుగా ఉంటాయి. మీ ముందున్న కాగితం ఏ రకానిదో అడగడంలో తప్పు లేదు. ఇంకొకటి. ట్రినిటీ పియానోకూ ఎలక్ట్రానిక్ కీబోర్డ్‌కూ వేరువేరు పరీక్షలు పెడుతుంది. ఈ సంగతి మన సోదరుడి ప్రశ్నకు పనికొస్తుంది, తర్వాత చెబుతాను.

సరే, కాగితం కాకపోతే పేరు ప్రతిష్ఠలు? ఇక్కడ షోపెన్ కథ చెప్పాలి. 1831లో 21 ఏళ్ల షోపెన్ పారిస్ చేరాడు. ఆ నగరంలో అప్పటికి పియానో అంటే కాల్క్‌బ్రెన్నర్. షోపెన్ కూడా ఆయన వాయింపుకు ముగ్ధుడయ్యాడు. ఆయన ఈ కుర్రవాణ్ణి విని, మూడేళ్లు నా దగ్గర నేర్చుకో అన్నాడు. ఊళ్లో మొదటి వాద్యకారుడు ఇచ్చిన సలహా! షోపెన్ వెంటనే కాదనలేదు. వార్సాలో తనకు సంగీతరచన నేర్పిన ఎల్స్‌నర్‌కూ ఇంటివాళ్లకూ ఉత్తరం రాశాడు. తనను చిన్నప్పటినుంచి ఎరిగిన ఎల్స్‌నర్ వద్దన్నాడు. షోపెన్ చివరికి ఆ మూడేళ్ల పాఠానికి ఒప్పుకోలేదు. కాల్క్‌బ్రెన్నర్ మీద గౌరవం మాత్రం పోలేదు, తన మొదటి కన్చెర్టోను ఆయనకే అంకితమిచ్చాడు. గౌరవం వేరు, సలహా స్వీకరించడం వేరు. మన సంఘాల్లో ఈ రెంటినీ విడదీయడం మనకు చాలా కష్టంగా ఉంటుంది. సేవకుణ్ణి గౌరవిస్తే ఆయన చెప్పిన ప్రతిదీ ఒప్పుకోవాలనుకుంటాం.

అసలు ఈ షోపెన్‌కు చిన్నతనంలో పియానో నేర్పిన జివ్నీ ప్రధానంగా వయొలిన్ వాద్యకారుడు. పియానోలో ఆయన పేరున్నవాడు కాదు. అయినా పిల్లవాడికి బాఖ్‌నూ మోజార్ట్‌నూ పరిచయం చేశాడు, చేతికి సహజంగా వచ్చినదాన్ని చెడగొట్టలేదు. నేర్పేవాడు గొప్పగా వాయించి తీరాలన్న నియమం ఏమీ లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ కాలంలోనే టీచర్ల సలహా వెనుక సొమ్ము సంగతి కూడా ఉండేది. లోగియర్ అనే ఆయన 1814లో చేతిని కీబోర్డ్ ముందు ఒక చట్రంలో బిగించే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన పద్ధతి నేర్పే హక్కు కోసం టీచర్లు ఒక్కొక్కరు 100 గినీలు కట్టేవారు. అంత కట్టిన టీచరు చట్రం అక్కర్లేదని పిల్లలకు చెబుతాడా? మన దగ్గర చట్రాలు లేవు, కానీ ఫలానా షాపులో ఫలానా మోడలే కొనండి అనే మాట ఉంది. అందరూ కమిషన్ కోసమే అంటారని కాదు. అయితే సలహా ఇచ్చినవాళ్లకు అందులో ఏమైనా మిగులుతుందా అని అడగడం అవమానం కాదు. మంచి టీచరైతే నవ్వి, వేరే రెండు షాపుల పేర్లు కూడా చెబుతారు.

వేళ్ల సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే పిల్లలకు హాని జరిగేది ఇక్కడే. మీరు ఇప్పుడే ఒక పని చేయండి. అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టి మధ్యవేలును లోపలికి మడవండి. ఇప్పుడు బొటనవేలు ఎత్తండి, లేస్తుంది. చూపుడువేలు లేస్తుంది. చిటికెన వేలు లేస్తుంది. ఉంగరపు వేలు ఎత్తి చూడండి. కదలదు, కదిలినా చాలా కొంచెం. ఇది బలహీనత కాదు, సాధన లోపం కాదు. చేతి వెనుక భాగంలో వేళ్లను ఎత్తే స్నాయువులను అడ్డంగా కలిపే కట్లు ఉన్నాయి. దేవుడు మన చేతిని అలాగే చేశాడు. అన్ని వేళ్లూ సమానంగా, విడివిడిగా లేవాలి అని పిల్లలచేత గంటలకొద్దీ ఉంగరపు వేలు ఎత్తించే టీచరు, శరీరం ఒప్పుకోని దాన్ని అడుగుతున్నట్టే.

జర్మన్ స్వరకర్త షూమన్ 1830 ప్రాంతంలో లైప్‌జిగ్‌లో ఫ్రీడ్రిష్ వీక్ అనే టీచరు ఇంట్లో ఉంటూ పియానో నేర్చుకున్నాడు. వేళ్లను బలపరచాలని ఏదో పరికరం వాడాడు. రెండేళ్లలో కుడిచేతి వేలు వశం తప్పింది, వాద్యకారుడు కావాలన్న ఆశ పోయింది. పరికరమే కారణమా, మరో నరాల జబ్బా అని వైద్యులు నేటికీ వాదిస్తూనే ఉన్నారు. వీక్ మాత్రం తర్వాత ఒక పుస్తకంలో, ఆ వేళ్ల హింసాయంత్రాన్ని తన శిష్యుడు తన ఇష్టానికి విరుద్ధంగా తయారుచేసుకున్నాడని రాసుకున్నాడు. టీచరు మాట వినకపోవడం వల్ల కూడా చేతులు పోతాయన్నమాట. కాబట్టి నేను చెబుతున్నది టీచర్లను అనుమానించమని కాదు.

షోపెన్ తాను నేర్పేటప్పుడు దీనికి నేరుగా వ్యతిరేక దారి పట్టాడు. ఒక్కో వేలిది ఒక్కో స్వభావం, ఆ తేడాను చెరపకుండా వాడుకోవాలన్నది ఆయన ఆలోచన. మొదటి పాఠంలో చేతిని తెల్ల మెట్ల మీద వరసగా పెట్టించేవాడు కాదు. బొటనవేలు ఈ మీద, పొడవైన మూడు వేళ్లు మూడు నల్ల మెట్ల మీద, చిటికెన వేలు బి మీద. నల్ల మెట్లు ఎత్తుగా, లోపలికి ఉంటాయి కనుక పొడవు వేళ్లు వాటి మీద, పొట్టి వేళ్లు బయటి తెల్ల మెట్ల మీద హాయిగా కూర్చుంటాయి. మీ ఇంట్లో కీబోర్డ్ ఉంటే పెట్టి చూడండి. మళ్లీ అదే. సలహా నిజమో కాదో మీ చెయ్యే చెబుతుంది.

ఇక టీచర్లు చెప్పే మరో రకం మాటలు ఉన్నాయి. "ఈ పాపకు సంగీతం రాదు." "ఆలస్యమైపోయింది." "ఈ బాబు రెండేళ్లలో ఎక్కడికో వెళ్తాడు." వీటిని ఏ చెయ్యీ వెంటనే పరీక్షించలేదు. నోబెల్ గ్రహీత డేనియల్ కానెమన్, అగ్నిమాపక దళాల నిర్ణయాలను పరిశీలించిన గ్యారీ క్లైన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు మొదట భిన్నాభిప్రాయాలతోనే మొదలై 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. అనుభవజ్ఞుల అంచనాను ఎప్పుడు నమ్మవచ్చు? వారు తేల్చింది రెండు షరతులు. ఆ పనిలో ఒక క్రమం ఉండాలి, తన అంచనా తప్పో ఒప్పో ఆ మనిషికి మళ్లీ మళ్లీ తెలిసే అవకాశం ఉండాలి. చేతి పొజిషన్ చెప్పే టీచరుకు ఈ రెండూ ఉన్నాయి. వారానికి ఇరవై మంది పిల్లల చేతులు చూస్తారు, చెప్పింది పనిచేసిందో లేదో వచ్చే వారం తెలుస్తుంది. ప్రతిభ గురించి జోస్యం చెప్పే టీచరుకు ఆ అవకాశం లేదు. సంగీతం రాదని పంపించేసిన పిల్ల పదేళ్ల తర్వాత ఏమైందో ఆయనకు తెలియదు. తన తప్పు తనకు ఎప్పటికీ కనబడదు. అందుకే అదే మనిషి నోట వచ్చిన రెండు మాటల్లో ఒకటి నమ్మదగింది, రెండోది ఊహ కావచ్చు.

సాధన గురించి కూడా ఇలాంటి పెద్ద మాటలు వింటుంటాం. పదివేల గంటలు చేస్తే ఎవరైనా నిపుణులవుతారనే మాట 1993లో బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద వచ్చిన పరిశోధన నుంచి పుట్టి, తర్వాత 2008లో వచ్చిన మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకంతో లోకమంతా పాకింది. 2014లో మరికొందరు పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్క చూస్తే, సంగీతంలో వాద్యకారుల మధ్య తేడాల్లో సాధన వివరించగలిగింది 21 శాతం. అంటే సాధన లేకుండా కుదరదు, సాధన ఒక్కటే కాదు. మిగతాది ఏమిటో ముందే తూచి చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. తొమ్మిదేళ్ల పాప వేళ్లు చూసి రెండు నిమిషాల్లో తేల్చేశారంటే ఆ మాటను అక్కడే వదిలి రావాలి. వేళ్లు పొట్టివన్నారు కదా. పియానో మీద ఒక స్థాయి వెడల్పు దాదాపు 16.5 సెంటీమీటర్లు. తొమ్మిదేళ్ల పిల్ల చెయ్యి అంత చాపలేకపోవడంలో వింత ఏముంది? పిల్ల ఎదుగుతుంది, చెయ్యీ ఎదుగుతుంది.

ఇప్పుడు 61 మెట్లా, 88 మెట్లా అన్న అసలు పేచీ. ఇద్దరు టీచర్లు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పారని సోదరుడు అనుకున్నాడు. నిజానికి వాళ్లు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పారు. పియానోలో మెట్టు నొక్కితే ఒక సుత్తి లేచి తీగను కొడుతుంది. మెట్టు దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు కావాలి. ఎంత వేగంగా నొక్కితే అంత గట్టిగా పలుకుతుంది. మెత్తగా, గట్టిగా పలికించడమే ఆ విద్యలో సగం. మన సంఘాల్లోని మామూలు కీబోర్డ్‌కు మెట్ల కింద స్ప్రింగులు, ఆ బరువు ఉండదు. పియానో పరీక్షలు రాయాలనుకునే పిల్లకు తేలిక మెట్ల మీద అలవాటైతే తర్వాత ఇబ్బందే. ఆవిడ మాట అంతవరకు నిజం. చెయ్యి పాడైపోతుందన్నది మాత్రం భయపెట్టడమే. చెయ్యి పాడయ్యేది బిగదీసి, నొప్పిని లెక్కచేయకుండా వాయిస్తే. అది 88 మెట్ల మీదా జరుగుతుంది, 61 మెట్ల మీదా జరుగుతుంది. ఇక కీబోర్డ్ అంటే వేరే వాద్యం. రిథమ్, టోన్లు, ఎడమ చేతి కార్డ్స్ అన్నీ దాని సొంత విద్య. అందుకే దానికి ట్రినిటీ వాళ్లు వేరే పరీక్ష పెట్టారు. సంఘంలో పాటలకు వాయించాలన్నదే కోరికైతే ఆ మాస్టారి సలహా సరైనదే.

ఆయన మాటలోనూ ఒక మెలిక ఉంది. మూడు నెలల్లో ఆరాధనలో వాయించడం ఎలా సాధ్యం? ట్రాన్స్‌పోజ్ బటన్‌తో సాధ్యం. పాడేవాళ్ల శ్రుతి డి షార్ప్ అయితే బటన్ మూడు మెట్లు పైకి నొక్కి, వేళ్లు మాత్రం సి లోనే ఆడిస్తారు. నాకు తెలిసిన మంచి వాద్యకారులు కూడా అవసరానికి ఆ బటన్ వాడతారు, అందులో పాపం లేదు. అదొక్కటే నేర్పి వదిలేస్తే ఇబ్బంది. బటన్ లేని చోట ఆ పిల్ల చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఆ మాస్టారి పాత శిష్యులు ఎవరైనా ఉంటే, బటన్ సున్నాలో పెట్టి, అదే పాటను సి లో ఒకసారి, జి లో ఒకసారి వాయించమనండి. ఆయన వాయింపు వినడం కంటే శిష్యుల వాయింపు వినడం మేలు. అందులోనూ చురుకైన ఒక్క శిష్యుణ్ణి కాదు, మామూలు పిల్లలు ఇద్దరు ముగ్గురిని వినాలి. చురుకైనవాడు ఎవరి దగ్గరైనా నేర్చుకుంటాడు.

మన కీర్తనల విషయంలో ఇద్దరు టీచర్ల మాటకూ ఒక హద్దు ఉంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తకవులు కర్ణాటక రాగాల్లో రాశారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మనలో చాలామందిమి ఆ గీత చదవకుండానే పాట మొదలుపెడతాం అనుకోండి. పియానో స్థాయిని 12 సమభాగాలు చేస్తుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారే గమకం దాని మీద పలకదు. ఇదే కారణంగా హార్మోనియం మీద పెద్ద వివాదం జరిగి, 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971లో గానీ సడలించలేదు. అంతదూరం మనం వెళ్లక్కర్లేదు. కానీ ఆనందభైరవి కీర్తనకు ప్రతి అక్షరం కింద ఒక కార్డ్ వేయాల్సిందే అనే టీచరుకు పాశ్చాత్య విద్య ఎంత వచ్చినా, ఆ మాట ఆయన విద్య పరిధిలోది కాదు. "ఇది నాకు తెలియదు, రాగం తెలిసినవాళ్లను అడుగుదాం" అన్న టీచరు నా లెక్కలో పది సర్టిఫికెట్లున్నవాడితో సమానం. ఆ మాట వినడం అరుదు. మా ప్రసంగపీఠాల మీద కూడా అరుదే.

బెరయ సంఘస్థులు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో సరిచూసుకున్నారు, దానికి లూకా వారిని తప్పుపట్టలేదు సరికదా ఘనులన్నాడు. అపొస్తలుడి బోధనే సరిచూడవచ్చు కానీ కీబోర్డ్ మాస్టారిని ప్రశ్నించకూడదా? వాళ్లు కూడా ఆసక్తితో విని, ఆ తర్వాతే సరిచూశారన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాయించి చూడకుండానే వాదించే తల్లిదండ్రులతో టీచర్లు పడే బాధ నాకు తెలుసు. రెండు వారాలు చెప్పినట్టు చేసి, అప్పుడు అడగాలి.

నొప్పి విషయంలో మాత్రం రెండు వారాలు ఆగవద్దు. అలసట వేరు, నొప్పి వేరు. అలసట కాసేపటికి పోతుంది. మణికట్టులో పోటు, వేళ్లలో తిమ్మిరి, వాయించడం ఆపాక కూడా ఉండే లాగుడు, ఇవి కనిపిస్తే ఆ రోజుకు ఆపాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఓర్చుకో అన్నది పాస్టరైనా, మాస్టరైనా ఆ ఒక్క మాటను లెక్కచేయనక్కర్లేదు. ఇది ఆ తల్లికి నేను ఆనాడు చెప్పి ఉండాల్సింది.

వెలిమెల సోదరుడికి ఇవన్నీ ఇంత వివరంగా చెప్పలేదు. పాపను అడిగాం, నీకు ఏం వాయించాలనుంది అని. "చర్చిలో పాటలు" అంది. కాసేపాగి, "కొల్లూరు ఆంటీ వాయించినట్టు కూడా" అంది. ఇద్దరి దగ్గరా ఒక్కో నెల ఫీజు కట్టి చూడమన్నాను. అప్పటిదాకా ఏమీ కొనవద్దని, మధ్యాహ్నాలు మన మందిరంలోని కీబోర్డ్ మీద సాధన చేసుకోమని తాళంచెవి ఇప్పించాను. పాఠానికి వెళ్లినప్పుడు పాప పక్కన కూర్చుని ఎందుకు అని ఎన్నిసార్లు అడిగిందో, ఏం జవాబు వచ్చిందో చూడమన్నాను.

మొన్న ఆయన ఫోన్ చేశాడు. మొదటావిడ పాప భుజాలు బిగదీస్తోందని గమనించి స్టూలు ఎత్తు తగ్గించారట, కాళ్ల కింద పీట పెట్టారట. ఎందుకని పాప అడిగితే, కాళ్లు గాల్లో వేలాడితే బరువంతా వీపు మీద పడుతుంది, కావాలంటే పీట తీసేసి వాయించి చూడు అన్నారట. పాప తీసి చూసి, మళ్లీ తనే తెచ్చి పెట్టుకుందట. వేళ్లు పొట్టివన్న మాట మళ్లీ ఎత్తలేదా అని అడిగాను. "ఎత్తిన్రు అయ్యగారూ. మా పాపనే చెప్పింది, పెరుగుతయి ఆంటీ అని."

రెండో మాస్టారి దగ్గర నెల ఇంకా పూర్తి కాలేదు.